రెండోసారి అడుగుతారనుకున్నాను

మిరపకోతల్లో నా పక్క సాలు పట్టుకోవడానికి మా ముఠా ఆడవాళ్లు పోటీ పడేవాళ్లు. నా చేతివాటం చూసి కాదు, నా నోటి కోసం. పొద్దున చేలోకి దిగిన దగ్గర్నుంచి ఎండ నెత్తికెక్కేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేదాన్ని. ఎవరి పెళ్లిలో పప్పు మాడింది, గాలివాన వచ్చిన ఏడు ఎవరి గేదె ఎవరి దొడ్లో దూరింది, మా అత్తగారు నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు ఏ రంగు చీర కట్టింది, అన్నీ నాకు గుర్తే. చదివింది మూడో తరగతి. అయినా ఒకసారి విన్నది పోదు. ఒకటే లోపం. దేన్నైనా మొదటి నుంచి చెబితే తప్ప నాకు చెప్పినట్టుండదు.

మాది ఈపూరు పక్కన ఊరు. నా కొడుకు చిలకలూరిపేట మిల్లులో షిఫ్టుల మీద పని చేస్తాడు, వారానికోసారి వస్తాడు. కోడలు నేను మేస్త్రిగా ఉన్న ముఠాలోనే కోతలకు వచ్చేది. మనవరాలు అప్పుడు అయిదో తరగతి. దాని తమ్ముడికి ఎనిమిది నెలలు. ఆ ఏడు కోతలు మొదలైనప్పుడు చంటివాణ్ణి చేలోకే తీసుకుపోయాం. గట్టున ఉన్న వేపకొమ్మకు పాత చీర కట్టి ఉయ్యాల వేశాం. మిరప ఘాటు పెద్దవాళ్లమే తట్టుకోలేం. రెండో రోజుకే వాడి కళ్లు ఎర్రబడ్డాయి, మూడో రోజు దగ్గుతో గుక్క తిప్పుకోలేకపోయాడు. ఆర్‌ఎంపీ డాక్టరు చూసి, "బతకాలనుకుంటే పిల్లోణ్ణి మళ్లీ మిరపచేలో పడుకోబెట్టొద్దు" అన్నాడు.

ఊళ్లో అంగన్‌వాడీ ఉంది. తొమ్మిదింటికి తెరుస్తారు. మేము ఆరింటికే ఆటో ఎక్కాలి. పైగా పాలు తాగే పిల్లల్ని వాళ్లు ఉంచుకోరు. ఇంక ఎవరున్నారు? మనవరాలిని బడి మాన్పించి తమ్ముడికి కాపలా పెట్టాం.

"పది రోజులేలే తల్లీ, మళ్లీ పోదువుగానీ" అన్నది నేనే. కోడలు అనలేదు, కొడుకు అనలేదు. నేనే అన్నాను.

ఇరవై రోజులు దాటాక టీచరమ్మ ఇంటికి వచ్చింది. మేము అప్పుడే కోత నుంచి వచ్చి, మంట పుట్టే చేతులకు నూనె రాసుకుంటున్నాం.

"ఏమ్మా, పిల్లని పూర్తిగా మాన్పించినట్టేనా?"

"లేదు టీచరమ్మా, కోతలు అయిపోనియ్యండి, పంపిస్తాం" అన్నాను.

"కోతలు అయ్యేసరికి పరీక్షలు కూడా అయిపోతాయి. లెక్క బోర్డు మీద సగం రాయకముందే జవాబు చెప్పే పిల్ల అది. నా సర్వీసులో అట్లాంటోళ్లు ఎంతమందో ఉండరు. మీకేమో దాని విలువ ఉయ్యాల ఊపడం కాడికే తెలిసింది."

ఆమె తిట్టి వెళ్లాక నాకు అన్నం సహించలేదు. నన్ను కూడా మూడో తరగతిలో ఇట్లాగే ఆపారు. మా తమ్ముడు పుట్టాడు, అమ్మ పత్తిచేనుకు పోవాలి, పది రోజులకని పలక చూరులో పెట్టారు. ఆ పలక మళ్లీ కిందికి దిగలేదు. అంత గుర్తున్నదాన్ని, ఆ మాటే మళ్లీ నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

ఆ రోజుల్లో నరసరావుపేట నుంచి ఒక సంఘం అమ్మాయి స్కూటీ మీద మా ఊళ్లకు వచ్చేది. కూలిపనికి పోయే తల్లుల పిల్లల సంగతులు ఇంటింటికీ తిరిగి రాసుకునేది. కోతలప్పుడు ఆరేడు ఊళ్లలో ఇదే గోస అని ఆమె తేల్చింది. అందరి చేతా వేలిముద్రలు, సంతకాలు పెట్టించి ఒక అర్జీ తయారుచేసింది. అందులో ఉన్నది ఒకటే కోరిక. కోతల నెలల్లో అంగన్‌వాడీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తెరవాలి, చంటిపిల్లల్ని కూడా ఉంచుకోవాలి, అందుకు ఇంకో ఆయమ్మను ఇవ్వాలి.

"శుక్రవారంతో అసెంబ్లీ అయిపోతంది పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని. "ఆ రోజు ఆడవాళ్ల, పిల్లల విషయాల మీద మాట్లాడే ఎమ్మెల్యే మేడం ఒకామె ఉన్నారు. మనకి అయిదు నిమిషాలు ఇస్తామన్నారు. ఆమె సభలో మన మాట ఒక్కటి అంటే చాలు, మంత్రి ఏదో ఒక జవాబు చెప్పాలి. అది తప్పిందంటే మళ్లీ సభ కూర్చునేది వానల్లోనే. ఈ ఏటి కోతలు పోయినట్టే."

"నువ్వే చెప్పొచ్చుగా అమ్మా, చదువుకున్నదానివి" అన్నాను.

"నేను రోజూ చెప్పేదే. మీ నోటితో వింటే వేరు."

ముఠా అంతా నావైపే చూసింది. నాకు లోపల పొంగిపోయింది. కాదనను.

మర్నాడు చేలోనే నాకు తర్ఫీదు. మా తోడికోడలు మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తా మీద కాలు మీద కాలేసుకుని ఎమ్మెల్యేలా కూర్చుంది. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

"ఊ, చెప్పమ్మా, ఏంది నీ బాధ?"

"అమ్మా, మాది ఈపూరు పక్కన ఊరమ్మా. మా అమ్మకు మేం అయిదుగురం. మా నాయనకేమో..."

"ఏమే, మీ అమ్మ కాన్పుల కాడికి పోయావా! నువ్వు నీ పెళ్లి దాకా వచ్చేసరికి ఎలక్షన్లు వస్తయ్!"

అందరూ కాయలు వదిలేసి నవ్వారు. సంఘం అమ్మాయి మాత్రం నవ్వలేదు. "పెద్దమ్మా, రెండే ముక్కలు. ఆరు నుంచి ఆరు. చంటిపిల్లలకి ఆయమ్మ. చెప్పండి" అంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. ఆ సాలు అయిపోయేలోపు ఎన్నిసార్లు చెప్పించిందో. నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు తయారయ్యాను.

చేను రైతు మొహం మాడ్చుకున్నాడు. "పండు కాయ చెట్టు మీదుంది. రేపు ముఠా రాకపోతే ఎట్టమ్మా?"

"ఎల్లుండి చీకటితోనే దిగుతాం బాబాయ్. ఇది పిల్లల పని."

"మీ పిల్లల సంగతి అసెంబ్లీలో ఎవడికి కావాలమ్మా? సరే, పోయి రండి."

శుక్రవారం తెల్లవారుజామున వ్యాన్ ఎక్కాం. అందరం ఆదివారం చర్చికి కట్టుకునే చీరలు కట్టుకున్నాం. పాస్టరమ్మ వ్యాన్ తలుపు పట్టుకుని ప్రార్థన చేసింది. సత్తెనపల్లి దాటేదాకా పాటలు, తర్వాత నిద్రలు. చంటివాణ్ణి ఎత్తుకోవడానికి మనవరాలిని కూడా తీసుకుపోయాం. అది కిటికీ పక్కన కూర్చుని నన్ను పొడుస్తూ అడిగింది.

"నాయనమ్మా, నువ్వు అడిగొస్తే నేను బడికి పోవచ్చా?"

"పోవచ్చమ్మా."

"ఇప్పుడు ఒంటిపూట బళ్లేగా. మధ్యాహ్నం వచ్చి తమ్ముణ్ణి నేనే తెచ్చుకుంటాలే. సోమవారం నుంచి పోతా."

సోమవారం అని కూడా అది లెక్క వేసుకుంది.

వెలగపూడిలో అసెంబ్లీ బయట తిరునాళ్లలా ఉంది. సభకు ఆఖరి రోజు కదా, ఎవరి కాగితం వాళ్లు పట్టుకుని వచ్చారు. సంఘం అమ్మాయి ఫోన్ల మీద ఫోన్లు చేస్తే మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఇద్దరినే లోపలికి పంపిస్తారట.

"నాయనమ్మ, తల్లి. మీరిద్దరే పోండి" అని అర్జీ కాగితాలు కోడలి చేతిలో పెట్టింది. "రెండే ముక్కలు పెద్దమ్మా."

ఆధార్ కార్డులు చూసి, సంచులు వెతికి ఒక గదిలో కూర్చోబెట్టారు. కాసేపటికి ఆ ఎమ్మెల్యే అమ్మ వచ్చింది. అత్తారింట ఉన్న నా పెద్దకూతురి వయసు ఉంటుంది. వెంట పీఏ, అతని చేతుల నిండా ఫైళ్లు. బల్ల మీద సగం తిని వదిలేసిన ఇడ్లీ ప్లేటు. ఆమె మమ్మల్ని చూసి లేచి నిలబడి, "కూర్చోండమ్మా" అంది.

నా జన్మలో ఏ ఆఫీసులోనూ నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. ఆ ఒక్క మాటతో నాకు అది ఆఫీసన్న సంగతే పోయింది. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టయింది.

"అన్నం తిన్నావా తల్లీ? మొహం పీక్కుపోయింది" అన్నాను.

ఆమె నవ్వింది. "ఎక్కడమ్మా, పొద్దుట్నుంచి ఇదే ఉరుకులు."

"తినాల తల్లీ. పదిమంది పని చేసే ఒళ్లు. పిల్లలెంతమంది?"

"ఇద్దరమ్మా. చెప్పండి, ఎంత దూరం నుంచి వచ్చారు?"

అప్పుడు మొదలుపెట్టాను. మా ఊరు చెప్పాను. మా అమ్మ పత్తిచేను చెప్పాను. తమ్ముడు పుట్టడం, పలక చూరులో పెట్టడం, నేను వాణ్ణి చంకనేసుకుని బడి గోడ పక్కన నిలబడి లోపల ఎక్కాలు చదువుతుంటే బయట నుంచి వల్లించడం, అన్నీ చెప్పాను. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. అంత శ్రద్ధగా వినే మనిషి దొరికితే నేను ఆగే రకం కాదు. పక్కన కోడలు రెండుసార్లు కొంగు లాగింది. వస్తున్నా, అక్కడికే వస్తున్నా అనుకున్నాను. నా పెళ్లి దాటి, కొడుకు పుట్టి, కోతల దగ్గరికి వస్తుండగా బయట గంట మోగింది.

"మేడం, బెల్లు. మీ పేరే ముందుంది" అన్నాడు పీఏ.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. నిజంగానే తడి ఉంది. నా రెండు చేతులూ పట్టుకుంది. "ఎంత కష్టపడ్డావమ్మా! ఇప్పుడు నేను మీకు ఏం చెయ్యాలి? ఏం కావాలో చెప్పు."

నేను ఏమన్నానో ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది.

"మాకేం కావాలి తల్లీ, నువ్వు సల్లంగా ఉంటే సాలు."

ఇది వినేవాళ్లు నన్ను వెర్రిదాననుకోవచ్చు. మా ఇళ్లల్లో పద్ధతి అది. ఎవరింటికైనా పోతే, "అన్నం తినండి" అనగానే కూర్చోగూడదు. కడుపు కాలుతున్నా "ఇప్పుడే తినొచ్చాం" అనాలి. వాళ్లు మళ్లీ అనాలి, మనం మళ్లీ కాదనాలి. మూడోసారికి వాళ్లు చెయ్యి పట్టుకుని లాక్కుపోతే అప్పుడు కంచం ముందు కూర్చోవాలి. మొదటిసారికే చెయ్యి చాస్తే, పెంపకం తెలియనిదంటారు. చిన్నప్పుడు ఒక పెళ్లివారింట్లో అరిసె ఇస్తే చటుక్కున అందుకున్నానని మా అమ్మ తొడపాశం పెట్టింది. అంత మర్యాదగా కూర్చోబెట్టిన మనిషి, ఏం కావాలని అడిగితే, మొదటి మాటకే ఇది కావాలనడానికి నా నోరు రాలేదు. ఇంకోసారి అడుగుతుంది, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆరు నుంచి ఆరు, ఆయమ్మ, మాటలు నాలుక చివరే ఉన్నాయి.

ఆమె నా చేతులు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

కోడలు గబుక్కున లేచి, "అయ్యా, ఈ కాగితం..." అంది. పీఏ నడుస్తూనే అందుకుని, "చూస్తార్లేమ్మా" అని ఫైళ్ల అడుగున దోపి వెళ్లాడు.

కోడలికి ఆ రెండు ముక్కలూ వచ్చు. మధ్యలో అందుకుని చెప్పి ఉండొచ్చు. కానీ అత్త మాట్లాడుతుంటే కోడలు నోరు తెరవగూడదని ఇంటికొచ్చిన మొదటి నెలలోనే నేర్పాను. ఆ రోజు కూడా నేర్చుకున్నట్టే నడుచుకుంది.

బయటికి వచ్చాక ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. "బాగా విందమ్మా, చానా మంచి మనిషి" అన్నాను. అబద్ధం కాదు. అందరం టీ బంకు దగ్గర బల్లల మీద కూర్చున్నాం. సంఘం అమ్మాయి ఫోన్లో సభ వస్తోంది. సిగ్నలు ఆగుతూ ఆగుతూ ఉంది. తలలన్నీ ఆ ఫోన్ మీదికి వంగాయి.

ఎమ్మెల్యే అమ్మ లేచింది. నా కథే చెప్పింది. పలక, చూరు, బడి గోడ, ఒక్క ముక్క పోకుండా చెప్పింది. మా ముఠా ఆడవాళ్లు నా భుజాలు పట్టుకుని ఊపేశారు. తర్వాత ఆమె అంది: "అధ్యక్షా, ఆ తల్లి ఇవాళ పల్నాడు నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నీకేం కావాలమ్మా అని అడిగాను. మాకేం వద్దు, నువ్వు చల్లగా ఉంటే చాలని దీవించింది. మనం చేస్తున్న పనులు పేదింటి దాకా చేరాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అధ్యక్షా!"

బల్లలు చరిచిన చప్పుడు ఫోన్లోంచి టపటపా వచ్చింది.

నా భుజాల మీదున్న చేతులు తీసేశారు. కాసేపటికి సభను నిరవధికంగా వాయిదా వేస్తున్నామని అధ్యక్షుడు చదివాడు. జనగణమన మొదలైంది. టీ గ్లాసులు చేతుల్లో పట్టుకునే అందరం లేచి నిలబడ్డాం.

పాట అయ్యాక మా తోడికోడలు గ్లాసు కింద పెట్టింది.

"ఏంది అక్కా, నువ్వడిగింది?"

"ఇంకోసారి అడిగిద్దనుకున్నానే."

"ఆమె ఏమన్నా నీకు వియ్యపురాలా, చెయ్యి పట్టుకుని లాగి వడ్డించటానికి? ఓటుకి ఒకసారి వచ్చిద్ది, మాటకి ఒకసారి అడిగిద్ది. నీ మర్యాద మండిపోను, ఆరూళ్ల వేలిముద్రలు దాని కాళ్ల కింద పోసి వచ్చావు గదే!"

సంఘం అమ్మాయి, "పోనీలే పిన్నీ, అనొద్దు" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వ్యాన్ ఎక్కేటప్పుడు చూస్తే అటు తిరిగి చున్నీతో ముక్కు తుడుచుకుంటోంది. ఆ అర్జీ కోసం ఆ పిల్ల ఎండలో ఎన్ని ఊళ్లు తిరిగిందో నాకు తెలుసు.

దారిలో కోడలు మాత్రం ఒకే ఒక్క మాట అంది, కిటికీలోకి చూస్తూ. "నన్నన్నా చెప్పమని ఉండాల్సింది అత్తా."

మనవరాలు ఒళ్లో తమ్ముణ్ణి పడుకోబెట్టుకుని మా మొహాలు చదువుతోంది. దిగేటప్పుడు, "సోమవారం కాదు గదా?" అంది.

"కోతలు అయిపోనీ తల్లీ" అన్నాను.

ఎండలు ముదిరాక ఆ ఎమ్మెల్యే అమ్మ దగ్గరికి సంఘం అమ్మాయి ఒక్కతే మళ్లీ పోయి విషయం చెప్పిందట. ఆమె నొచ్చుకుందట. "ఆ మాట అప్పుడే అని ఉంటే సభలోనే అడిగేదాన్నిగా" అందట. ఆమె చెడ్డదైతే నాకు కొంత నయంగా ఉండేది. వానాకాలం సభకు ఈసారి కోడలిని పంపించాం. అది రెండు ముక్కల్లో చెప్పి వచ్చింది. సభలో అడిగారు, పరిశీలిస్తామని మంత్రి అన్నాడు. పరిశీలన ఇంకా నడుస్తూనే ఉంది. అంగన్‌వాడీ ఇప్పటికీ తొమ్మిదింటికే తెరుస్తారు.

మరుసటి ఏడు కోతలకు నేను పోలేదు. ముఠా తోడికోడలికి అప్పగించి మనవణ్ణి నేను చూసుకున్నాను. ఆ పని ముందు ఏడే చేసి ఉండొచ్చు. అప్పుడు తట్టలేదని చెప్పను, తట్టింది. ముఠా మేస్త్రిని, నేను లేకపోతే సాలు సాగదు, రైతులు నా పేరు చెప్పుకుని పిలుస్తారు, ఆ గొప్ప నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. పెద్దదిక్కు లేని ఇళ్లకు సర్కారే దిక్కు, నిజమే. మా ఇంటికి నేను ఉన్నాను. నేను ఉండి కూడా పిల్లని ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టాను.

అది ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో ఉంది. రోజూ పోతుంది, ఒక్క పూట మానదు. మొన్న సాయంత్రం అరుగు మీద లెక్కల పుస్తకం ముందేసుకుని చానాసేపు కదలకుండా కూర్చుంది. ఒక అంకె పైన, గీత, కింద ఇంకో అంకె. పెన్సిలు కొరుకుతోంది.

"ఏందమ్మా, రావట్లేదా?"

"ఇయ్యి భిన్నాలు నాయనమ్మా. అయిదులో చెప్పారంట. అవి వస్తేనే ఇవి వస్తయ్. అవి చెప్పినప్పుడు నేను లేను."

నిష్ఠూరంగా అనలేదు. పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను దాని పక్కన కూర్చుని పుస్తకంలోకి చూశాను. అంకెలు గుర్తుపట్టాను, వాటి మధ్య గీత ఎందుకో తెలియలేదు. అది పేజీ తిప్పింది. తర్వాతి పేజీలోనూ అవే లెక్కలు.